చిక్కపేటలో కలిసిపోయిన మారెమ్మ

“బర్మా మాట ఒకటి చెప్పు మారెమ్మా,” అన్నాడు వెంకటగిరియప్ప.

“మరిచిపోయినానప్పా,” అనింది ఆమె, చేటలో రాగులు చెరుగుతూ.

అతను సంతోషంగా రాసుకున్నాడు. అది 1943. బాంబులకు భయపడి రంగూన్ వదిలి వచ్చినవాళ్ళు బెంగళూరులో ఎట్లా కలిసిపోతున్నారో ఇల్లిల్లూ తిరిగి తెలుసుకోవడం అతని ఉద్యోగం. చిక్కపేట సందులో ఈ ఇంటి వెనక వాటాలో ఒక తల్లీ, కూతురూ ఉన్నట్టు అతని కాగితంలో ఉంది.

“అడవిలో ఎన్ని దినాలు నడిచినారు?”

“ఇరవై రెండు.”

“ఇరవై మూడు,” అనింది పక్కనున్న ఏడేళ్ళ జయమ్మ.

“ఆఁ, ఇరవై మూడు. మొగుడు దారిలోనే వాంతిబేదులతో పోయినాడు.”

“ఇప్పుడు తిండి?”

“రాగిముద్ద. అందరూ తినేదే.”

“మాట కూడా అచ్చం ఈ ఊరిదే. ఇంత తొందరగా ఎట్లా వచ్చింది?”

“ఇల్లు బాడుగకిచ్చిన నంజమ్మకు నోరు జాస్తి. దినమంతా వింటా ఉంటే రాకుండా ఎట్లుంటాది?”

“ఆమెను పిలుస్తావా?”

“ఊళ్ళో లేదు. చుట్టాలింటికి పోయుండాది.”

“మిమ్మల్ని బాగా చూసుకుంటుందా?”

ఆమె కాస్త ఆలోచించింది. “నా సంగతేమో గానీ, ఈ పిల్లంటే ప్రాణం. ఆమెకు పిల్లల్లేరు.”

వెంకటగిరియప్ప పిల్ల వైపు తిరిగాడు. “మీ అమ్మ కొడతాదా?”

“తల దువ్వేటప్పుడు కదిలితే కొడతాది.”

అతను నవ్వి, చివరి కాగితం తీశాడు. “ఈ వీధిలో తల్లీతండ్రీ ఇద్దరూ పోయిన బర్మా పిల్లలెవరైనా ఉండారా? ఉంటే అనాథాశ్రమానికి పంపాల. పైనుంచి ఉత్తరువు.”

“ఎవరూ లేరప్పా.”

చెరిగిన రాగులనే ఆమె మళ్ళీ చెరగసాగింది. జయమ్మ జరిగి వచ్చి ఆమె చీర కొంగు పట్టుకుంది.

నాలుగు నెలలుగా తిరుగుతున్నాడు వెంకటగిరియప్ప. ఊరితో ఇంతగా కలిసిపోయిన మనిషి అతనికి ఇంకెక్కడా కనిపించలేదు. పై అధికారులకు పంపే నివేదికలో మొదట ఈమె గురించే చెప్పాలనుకున్నాడు. ‘ఊరివాళ్ళకూ ఈమెకూ ఏ తేడా లేదు’ అని రాసి, కింద గీత గీశాడు. ‘మారెమ్మ’ అన్న పేరు పక్కన ఆమె చేత వేలిముద్ర వేయించుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నంజమ్మ వేలికంటిన సిరా తుడుచుకుని, జయమ్మను దగ్గరకు తీసుకుంది.

రంగూన్ నుంచి నడిచొచ్చిన మారెమ్మ చనిపోయి అప్పటికి ఆరు నెలలు.