పేరు పెట్టని ముఖం

గేటు చప్పుడైంది. శ్రీదివ్య కిటికీలోంచే అడిగింది.

"ఎవరండీ?"

"సారు లేడా, బిడ్డా?"

"నాన్న సంగారెడ్డి వెళ్లారు. సాయంత్రం వస్తారు."

అయినా ఆ మనిషి కదల్లేదు. యాభై ఏళ్లుంటాయేమో. చెప్పులు గేటు బయటే విడిచి, కొంగు సవరించుకుంటూ నిలబడింది.

శ్రీదివ్యకు చిరాకేసింది. పొద్దుటినుంచి తను ఫోటోలు దాచే కొత్త డబ్బా ముందునుంచి లేవలేదు. మందుల కంపెనీలో చేరాక మొదటి జీతంతో కొన్నదది. పాత కంప్యూటర్‌లో ఉన్న ఫోటోలన్నీ అందులో వేస్తే, ఫోనులోనూ టీవీలోనూ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. అమ్మ హైమావతి పోయి కొన్నేళ్లయింది. అమ్మ ఫోటో ఒక్కటి కూడా పోకూడదని ఆ పిల్ల తాపత్రయం.

అందుకే బీరంగూడ కంప్యూటర్ల కొట్లో నరేష్ రెండు డిస్కులున్నది చూపించగానే తీసుకుంది.

"రెండింట్ల అవే ఫోటోలుంటయి. ఒకటి ఖరాబైనా రెండోదాంట్ల ఉంటయి మేడం. పరేషాన్ లేదు," అన్నాడతను.

నాన్న త్రినాథరావు మాత్రం నవ్వాడు. "రెండు గదుల ఇల్లు కొని ఒక గదిలోనే ఉండమన్నట్టుందే తల్లీ!"

ఫోటోలు వేయగానే ఆ డబ్బా ముఖాలను పోల్చి, ఎవరి ఫోటోలు వాళ్లవిగా విడదీసింది. ఎక్కువ ఫోటోల్లో ఉన్న ముఖం ముందు. శ్రీదివ్య పసితనపు ఫోటోల్లో మొదటి ముఖం అమ్మది కాదు. ఎవరో ముక్కుపుడక పెట్టుకున్న ఆడమనిషిది. కింద 'పేరు పెట్టండి' అని అడుగుతోంది.

అమ్మకంటే ముందు ఈ పరాయి మనిషెవరు? అప్పట్లో తాముండే ఫ్యాక్టరీ క్వార్టర్సులో పక్కింటావిడో, పనిమనిషో!

ఒళ్లు మండింది. ఆ ముఖమున్న ఫోటోలన్నీ ఒక్క దెబ్బతో తీసేసింది. డబ్బాలోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. మనసు కుదుటపడింది.

సరిగ్గా అప్పుడే ఈ గేటు చప్పుడు.

"ఏం పని మీద వచ్చారు?" బయటికొచ్చి అడిగింది శ్రీదివ్య.

"నా పేరు ముత్యమ్మ. మాది కర్దనూరు. మొన్న పటాన్‌చెరు అంగట్ల సారు కలిసిండు. పాత ఫోటోలన్ని మా బిడ్డ ఒక డబ్బాల ఏస్తున్నది, వచ్చి సూసుకో అన్నడు."

"ఏ ఫోటోలు?"

"నాయి ఉంటయి. నా పక్కన నా బిడ్డ పుష్ప ఉంటది. బడికి పోకముందే జెరమొచ్చి సచ్చిపోయింది. మా ఇంట్ల ఒక్క ఫోటో లేదు. గప్పుడు మాకు కెమెరాలెక్కడియి? సారే దించిండు." ముత్యమ్మ గొంతు తగ్గించింది. "దాని ముఖం యాదికి తెచ్చుకుందామంటే వస్తలేదు, బిడ్డా. జెర ఒక్కసారి సూపియ్యి. సూసి పోత."

శ్రీదివ్య అప్పుడు చూసింది. ముఖం ముడతలు పడింది కానీ, ముక్కుపుడక అదే.

"ఉండండి," అని లోపలికి పరుగెత్తింది. రెండో డిస్కు ఉందిగా! నరేష్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, పొరపాటున కొన్ని ఫోటోలు తీసేశాను. రెండో డిస్కులోంచి ఎట్ల తీయాలి?"

"దాంట్లకెళ్లి రావు మేడం. ఒకదాంట్ల తీసేస్తే రెండోదాంట్లకెళ్లి సుత పోతయి. అద్దంల బొమ్మ లెక్క."

"పోవని నువ్వే కదా అన్నావు!"

"డిస్కు ఖరాబైతే పోవని అన్న. మనమే తీసేస్తే అదేం జేస్తది పాపం! పాత కంప్యూటర్ల ఉంటయి గద?"

పాత కంప్యూటర్ లోపలంతా తుడిచేసి, పాత సామాన్ల బండికి వేసింది తనే. నిన్ననే. నాన్న వాటిని కాగితం మీద అచ్చు వేయించనే లేదు.

నిజం చెబుదామనే గేటు దగ్గరికి వచ్చింది. ముత్యమ్మ కళ్లు చూశాక మాట మార్చింది.

"మీవేం లేవండీ. చూశాను."

"మంచిగ సూసినవా? పుష్పకు నెత్తిమీద పిలక ఉంటది. పచ్చ గౌను."

"లేవండీ."

ముత్యమ్మ తలూపింది. కోపం లేదు.

"పోనీ తియ్యి. నిన్నైతె సూసిన." చెయ్యి శ్రీదివ్య చెంపదాకా తెచ్చి, మళ్లీ ఏమనుకుందో వెనక్కి తీసుకుంది. "ఏంది, గింత బక్కగైనవ్? అన్నం తింటున్నవా, లేదా?"

మీకెందుకు అనబోయి ఆగిపోయింది శ్రీదివ్య.

ముత్యమ్మ చెప్పులేసుకుని, ఆటో కోసం రోడ్డెక్కింది. శ్రీదివ్య గేటు పట్టుకుని అలాగే నిలబడింది. పిలవాలనుకుంది. పిలవలేదు.

సాయంత్రం త్రినాథరావు వస్తూనే అడిగాడు.

"ముత్యమ్మ వచ్చిందా? చూపించావా?"

శ్రీదివ్య తలొంచుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. అబద్ధమాడిన సంగతి కూడా.

ఆయన కేకలేస్తాడనుకుంది. వేయలేదు. మంచం అంచున కూలబడ్డాడు.

"నీకు చెప్పొద్దని మీ అమ్మ ఒట్టేయించుకుంది. తను చేయాల్సింది ఇంకొకరు చేశారని హైమకి పోయేదాకా దిగులే."

"ఏం చెప్పొద్దని? ఎవరు నాన్నా ఆవిడ?"

"నువ్వు పుట్టగానే అమ్మ ఆసుపత్రి పాలైంది. పోతపాలు నీకు పడలేదు."

ఆయన కొత్త డబ్బా వైపు చూశాడు.

"పుష్పకి సగం కడుపుకే పట్టి, మిగతా పాలు నీకిచ్చి బతికించిన మనిషమ్మా ఆవిడ."