పన్నెండు కిలోలు

"ఎక్కక్కా, తూకం ఎక్కు. సిగ్గుపడితే బరువు తగ్గదు," అన్నాడు విమానాశ్రయంలో తూకం చూసే విలియామి.

టోంగా దీవుల మధ్య తిరిగే బుల్లి విమానాలు మరి. సంచుల్నీ తూస్తారు, మనుషుల్నీ తూస్తారు.

లోసేలి ఎక్కింది. ముల్లు గిర్రున తిరిగి తొంభై ఆరు దగ్గర ఆగింది.

"అమ్మో! పోయిన నెల ఎనభై రెండేగా? ఏం తింటున్నావక్కా, పడవల్నా?"

వరసలో ఉన్నోళ్ళంతా పడీపడీ నవ్వారు. లోసేలీ నవ్వింది. పెరిగింది ఒళ్ళు కాదు, కెమెరా సామాను. సంచికి పది కిలోలే ఒప్పుకుంటారని లెన్సులు, బ్యాటరీలు, ఇంకో కెమెరా, అన్నీ చొక్కా కింద దోపుకొచ్చింది. గట్టిగా తుమ్మితే చాలు, అక్కడో ఫోటోల కొట్టు తెరుచుకునేది.

విలియామి లెక్క కూడి బుర్ర గోక్కున్నాడు. "పన్నెండు కిలోలు ఎక్కువైంది. ఎవరో ఒకరు ఆగిపోవాలి."

లోసేలి చొక్కా సర్దుకుంది. నోరు విప్పితే సామాను ఇక్కడే వదిలెయ్యాలి. రేపు పెళ్ళి ఫోటోలు కంటితో తీస్తుందా? గమ్మున ఉండిపోయింది.

వరస చివర, అంత ఎండలోనూ కోటేసుకున్న కుర్రాడొకడు చెయ్యెత్తాడు. "నేనాగుతాలే అన్నా. అక్కని వెళ్ళనీ."

"మళ్ళీ విమానం వచ్చే శుక్రవారమేరా!"

"ఏం చేస్తాం. అందరికీ పనులుంటాయిగా," అని బెంచీ మీద మెల్లగా కూలబడ్డాడు.

విమానం లేచింది. పక్కనున్న ఖాళీ సీటు దారి పొడుగునా లోసేలికేసి గుడ్లురుముతూనే ఉంది. ఎవరో ఉడికిన చేమదుంప చేతిలో పెడితే అలాగే సంచిలో పడేసింది. 'పాపం, ఎవరు చావుబతుకుల్లో ఉంటే బయల్దేరాడో!'

దిగేసరికి గడ్డి మైదానం నిండా జనం, ఒకటే పాటలు. పెళ్ళికూతురు లూపె పూలదండ పట్టుకుని నించుంది. అందరూ దిగారు. ఆఖరికి లోసేలీ దిగింది. పైలట్ తలుపేసేశాడు.

"అక్కా, మా సెమిసి ఏడి?"

"సెమిసి ఎవరమ్మా?"

"పెళ్ళికొడుకు! వద్దంటే వినకుండా కొత్త కోటు కుట్టించుకున్నాడు."

లోసేలి గడ్డిలో కూలబడి, చొక్కాలోంచి ఒక్కో లెన్సూ తీసి పెళ్ళికూతురి ముందు పెట్టింది. "ఈ దిక్కుమాలిన సామాను వల్లేనమ్మా, నాకు సీటొదిలి ఆగిపోయాడు. నన్ను కొట్టు."

లూపె కొట్టలేదు. వాటేసుకుని ఏడ్చింది. "ఎంత మంచోడక్కా నా సెమిసి! పరాయి మనిషి కోసం సీటొదులుకున్నాడు!"

నాలుగు తన్నినా ఇంత బాధ ఉండేది కాదు. లోసేలి ఫోను తీసింది. "తమ్ముడూ విలియామీ, తప్పు నాది. ఆ పిల్లాడు పెళ్ళికొడుకట! ఏదో ఒక పడవెక్కించైనా పంపరా."

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"పెళ్ళికూతురు పక్కనే ఉందా అక్కా?"

"నా భుజం మీదే ఏడుస్తోందిరా."

"అయితే మొహం మామూలుగా పెట్టుకుని విను. మీ విమానం లేచిందో లేదో, వాడు కోటు విప్పాడు."

"విప్పితే?"

"తూకం పెరగాలని, నడుం చుట్టూ రాళ్ళు కట్టుకొచ్చాడు."