ఎర్ర వాలుకు నీలం కొయ్యలు

"ఎర్ర వాలుకు నీలం కొయ్యలు పాతడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు మేయరు.

మంచు మీద జారే స్కీయింగ్‌లో వాలు ఎంత కష్టమో దాని పక్కన పాతే కొయ్యల రంగే చెబుతుంది: నలుపు ఆరితేరినవాళ్లకి, ఎరుపు బాగా వచ్చినవాళ్లకి, నీలం నేర్చుకునేవాళ్లకి. మా ఊళ్లో నీలం లేక పిల్లలున్నవాళ్లంతా పక్క లోయకు పోతున్నారట! కొయ్యలు మార్చేస్తే సరిపోతుందట! కొండ మాత్రం అంతే నిటారుగా ఉంటుంది!

"రేపు బడిపిల్లలు దిగేది దాని మీదేనయ్యా! మెడలు విరుగుతాయి!" అని అరిచాను.

"కూర్చోరా, కరపత్రం!" అన్నాడు రొట్టెల కొట్టాయన. ప్రతిదానికీ కరపత్రాలు పంచుతానని నాకా పేరు. సభంతా నవ్వింది. అందరికంటే ముందు ఎముకల డాక్టరు చెయ్యి లేచింది. థూ!

చివర్లో తుల్లియో బాబాయ్ కూడా ఎత్తాడు. ఆ వాలు మీద పడ్డవాళ్లను మోసుకొచ్చే మనిషి! ఆయన పోయించిన వైను ముట్టకుండా లేచొచ్చేశాను.

పొద్దున్నే, రాత్రికి రాత్రే పాతేసిన నీలం కొయ్యలన్నీ పీకి పారేద్దామని కొండెక్కాను. వాలు మొదట్లో రెండు స్కీలు ఇంటూ గుర్తులా పాతి ఉన్నాయి. కింద ఎవరో దెబ్బతిని పడున్నారని అర్థం; అవి తీసేదాకా ఎవరూ దిగకూడదు. టీచరు పిల్లల్ని వెనక్కి తీసుకుపోతోంది.

పరుగున దిగాను. బాబాయ్ మంచులో వెల్లకిలా పడుకుని సాసేజ్ నములుతున్నాడు.

"కాలు విరిగిందా బాబాయ్?"

"ఇవాళ ఎడమది. రేపు కుడిది."

"మరి నిన్న చెయ్యెందుకెత్తావు?"

"ఎత్తకపోతే ఈ వాలు కాపలా ఇంకొకడికి ఇచ్చేవాళ్లురా. అరవకుండా వచ్చి పక్కన పడుకో. నీకు మెడ విరిగింది, నిన్న అందరి ముందూ చెప్పావుగా."