కప్ప చప్పుడు

రోహిణి ఆన్‌లైన్ ట్యూషన్‌లో ఊపిరితిత్తుల పాఠం చెబుతోంది. నీళ్లలోంచి నేల మీదికొచ్చిన జంతువులు గాలి పీల్చడం ఎలా నేర్చుకున్నాయో పిల్లలకి హిందీలో వివరిస్తోంది.

"కప్పకి పక్కటెముకల సాయం లేదు. అందుకే నోట్లోకి తీసుకున్న గాలిని గొంతుతో లోపలికి తోస్తుంది, మింగినట్టు. మనకి ఆ పాట్లు లేవు."

ఆ హిందీ ఊళ్లో, క్యాంప్ వన్ అనే కార్మికుల బస్తీలో వాళ్లది రెండు గదుల ఇల్లు. గదుల మధ్య తలుపు లేదు, కర్టెన్ ఉంది. దాని అవతల, మంచం మీద తండ్రి గణపతిరావు ఉన్నాడు. ఆయాసం మనిషి. "నేనేటీ చప్పుడు చెయ్యన్లే, నువ్వు చెప్పుకో" అన్నాడు పాఠానికి ముందు.

"దీదీ, ఆ గుర్రుగుర్రు ఏంటి?" అని అడిగింది ఒక పిల్ల.

రోహిణికి మొహం వేడెక్కింది. "కప్ప వీడియో పెట్టాను. అది గాలి మింగే చప్పుడు" అనేసింది.

పిల్లలు నవ్వారు. వాళ్లతో పాటు తనూ నవ్వింది.

కర్టెన్ అవతల చప్పుడు ఆగిపోయింది. నాన్నకి హిందీ రాకపోతే బాగుండుననిపించింది ఆమెకి.

"ఇంకోసారి వినిపించండి దీదీ, నాకు సరిగ్గా వినపళ్లేదు" అన్నాడు మరో పిల్లాడు.

రోహిణి లేని వీడియో కోసం తెర మీద వెతుకుతున్నట్టు నటించింది. పిల్లలంతా ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని ఎదురు చూస్తున్నారు.

మంచం కిర్రుమంది. కర్టెన్ కింద నాన్న పాదాలు కనిపించాయి.

అక్కడే నిలబడి, అందరికీ వినపడేలా, ఆయన గట్టిగా గాలి మింగాడు.