తొక్కుడు మీట

మిల్లులో తనకు రావాల్సిన పేరు మీసాల ఫోర్‌మన్ కొట్టేశాడన్నదే మెకానిక్కు ఇరవై రెండేళ్ల ఏడుపు. ఇప్పుడు సొంత కూతురే ఆ ఫోర్‌మన్ పేరు నెట్‌లో ఎక్కించింది.

"మళ్ళీ చదువు," అన్నాడు, చేతికంటిన గ్రీజు తుడుచుకోకుండానే.

కూతురు చదివింది. "కాగితం కోసే యంత్రానికి తొక్కుడు మీటను ఫోర్‌మన్ తయారుచేశాడు."

"వాడి మొహం. చేతి మీటతో పని సాగట్లేదని, కాలితో తొక్కేలా చేసింది నేను. నా బుర్ర, నా చేతులు. కోత రెట్టింపయింది. వాడు మీసం మెలేసుకుంటూ పక్కన నుంచున్నాడంతే. పాపం పండి ఉద్యోగం ఊడిందనుకో."

అది కాలేజీలో ఇచ్చిన పని. అందరూ కలిసి రాసే అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో తలా ఒక వ్యాసం రాయాలి. ఆమె మూతపడ్డ కాగితం మిల్లును ఎంచుకుంది. ఫోర్‌మన్ సంగతి ఏదో పాత పత్రికలో ఒక్క వాక్యంగా దొరికింది. ఆ సాయంత్రమే అతని పేరు తీసి తండ్రి పేరు పెట్టింది. గంట తిరక్కుండా ఎవరో దాన్ని చెరిపేసి, అచ్చయిన ఆధారం చూపమన్నారు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయింది.

మర్నాడు మెకానిక్కు షాపు మూసి కాలేజీకి వెళ్ళాడు. ఎవడా చెరిపేవాడు, ఏనాడైనా మిల్లులో అడుగుపెట్టాడా అని స్టాఫ్ రూమ్ అదిరేలా అడిగాడు. లెక్చరరమ్మ కుర్చీ చూపించింది. కూర్చోలేదు.

"మీరు అబద్ధం చెబుతున్నారని కాదండీ. ఎవరికి వాళ్ళు చెప్పుకున్నది అక్కడ చెల్లదు. అచ్చులో ఎక్కడైనా ఉండాలి."

"పనిచేసేవాడి పేరు అచ్చులో ఎవడేస్తాడు మేడమ్? ఐదో క్లాసులో బడి మానేసినవాడి మాటకి విలువ లేదు, అంతేగా."

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. తను చచ్చేలోపు ఒక్కచోటైనా తన పేరు ఉండాలన్నాడు, గోడవైపు తిరిగి.

దాంతో కూతురికీ కోపం నెత్తికెక్కింది. వారం రోజులు లైబ్రరీలో దుమ్ము దులిపింది. ఎనిమిదో రోజున ఓ సన్నటి పుస్తకం దొరికింది. మిల్లులో జరిగిన ప్రమాదం మీద విచారణ నివేదిక అది. తొక్కుడు మీట వచ్చాక, ఖాళీ అయిన చేతులు కత్తి కిందికి వెళ్ళాయని, ఒక కార్మికురాలి నాలుగు వేళ్ళు తెగిపోయాయని అందులో ఉంది. ఆ మీట తను చెయ్యలేదని ఫోర్‌మన్ మొత్తుకున్నాడు. అయినా అతణ్ణే పనిలోంచి తీసేశారు. అందుకు ఆధారం ఒకే ఒక్క వాంగ్మూలం.

"అది ఫోర్‌మనే చేశాడు. కళ్ళారా చూశాను."

కింద నాన్న పేరుంది.