అరచేతిలో నీళ్ళు

వెనక బల్ల మీద కూర్చున్న అవ్వ కిసుక్కున నవ్వింది.

ఉపదేశి మాష్టారికి ఒళ్ళు మండింది.

చర్చి పక్క గదిలో పిల్లలకి ఆయన జ్ఞానస్నానం పాఠం చెబుతున్నారు. పాఠం మధ్యలో ఎవరైనా దగ్గినా సహించని మనిషి.

"ప్రాణం మీదికొచ్చి, ఫాదర్ దొరక్కపోతే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వచ్చు," అన్నారు అంతకుముందే.

"మన మతం కానివాళ్ళు కూడానా మాష్టారూ?" ముందు వరసలో రెండు జడల పిల్ల అడిగింది.

"వాళ్ళు కూడా. మన కతోలిక శ్రీసభ ఏ ఉద్దేశంతో ఇస్తుందో ఆ ఉద్దేశంతోనే నెత్తిన నీళ్ళు పోసి, జ్ఞానస్నానం మాటలు పలికితే చాలు. అయినా అలాంటివి పుస్తకాల్లో ఉంటాయి గానీ ఎక్కడ జరుగుతాయి?"

అదిగో, అక్కడ నవ్వింది అవ్వ.

ఆవిడది వేరే మతం. జడల పిల్ల వాళ్ళ పక్కింట్లో ఒంటరిగా ఉంటుంది. ఆదివారం పిల్లని పాఠానికి తీసుకొచ్చి, అయ్యేదాకా మాష్టారి వంకే చూస్తూ కూర్చుంటుంది. ఒకసారి ఉండబట్టలేక, "అంత గట్టిగా చెబుతున్నావు, ఆయాసం రావట్లేదు కదా బాబూ?" అని కూడా అడిగింది. ఆ మాట మాష్టారికి ఇంకా అరగలేదు.

"ఇదేం నవ్వులాట కాదమ్మా. ఈ పాఠం మా పిల్లలకి. మీరు బయట కూర్చోండి."

"అలాగే బాబూ," అని అవ్వ లేచింది. నొచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు.

ఆ తర్వాత నుంచి ఆవిడ గేటు దగ్గరే ఆగిపోయేది. కొన్నాళ్ళకి జ్వరం పట్టుకుని, తేరుకోకుండానే పోయింది.

ఆ వారం జడల పిల్ల ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో వచ్చింది.

"అవ్వ పరలోకానికి వెళ్తుందా మాష్టారూ?"

మాష్టారికి అబద్ధమాడడం రాదు. మెత్తగా చెప్పడం అంతకన్నా రాదు.

"జ్ఞానస్నానం లేదు కదమ్మా. ఎలా వెళ్తుంది?"

పిల్ల ఏడుపు ఆపేసింది.

"అయితే నేనూ వెళ్ళను. నాకు సత్ప్రసాదం వద్దు."

పూజలో ఫాదర్ ఇచ్చే దివ్యసత్ప్రసాదం మొట్టమొదటిసారి తీసుకోవాల్సిన పిల్ల. తెల్లగౌను కుట్టించి సిద్ధంగా పెట్టారు. ఇంట్లోవాళ్ళు బతిమాలారు, కోప్పడ్డారు. ససేమిరా అంది.

మాష్టారు ఫాదర్ దగ్గరికి పరుగెత్తారు, తను చెప్పిందే ఒప్పని అనిపించుకుందామని.

ఫాదర్ విని తల పట్టుకున్నారు.

"పసిపిల్లతో ఎంత మాటన్నారు మాష్టారూ! రక్షణ క్రీస్తు వల్లే, కాదనను. కానీ ఆయన్ని తెలుసుకోలేకపోవడం వాళ్ళ తప్పు కానప్పుడు, మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకుంటూ దేవుణ్ణి వెతుక్కున్నవాళ్ళని ఆయన కృప చేరుకోగలదని శ్రీసభ చెబుతూనే ఉంది కదా."

"మరి జ్ఞానస్నానం ఎందుకు ఫాదర్, ఊరికేనా?"

"ఊరికే ఎందుకవుతుంది? అది ఆయన మనకి చూపించిన దారి. అంతమాత్రాన ఆయన చెయ్యి మన గేటు దగ్గరే ఆగిపోతుందా? వెళ్ళండి, ఆశ వదులుకోవద్దని ఆ పిల్లకి చెప్పండి."

ఫాదర్ మరీ మెత్తన అనుకుంటూ మాష్టారు ఇంటిదారి పట్టారు. మనసు మాత్రం మనసులో లేదు. ఒక పిల్లని చేతులారా దేవుడికి దూరం చేశానేమోనని మొదటిసారి భయమేసింది.

ఇంటికి వచ్చేసరికి జడల పిల్ల, దానికి నచ్చజెప్పించడానికి తీసుకొచ్చిన వాళ్ళమ్మ అక్కడే ఉన్నారు. మోకాళ్ళ నొప్పులతో గడప దాటడం మానేసిన మాష్టారి తల్లి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అంతా వింటోంది.

"మీ అవ్వ ఏం పని చేసేదమ్మా?"

"ఆసుపత్రిలో నర్సు మామ్మా. చిట్టి చిట్టి పాపల్ని చూసుకునేదట. మణికట్టు మీద ఇంత కాలిన మచ్చ ఉండేది."

పెద్దావిడ చేతిలో జపమాల ఆగిపోయింది.

"ఆ మచ్చ నాకు తెలుసే తల్లీ."

మాష్టారు తల్లి వంక చూశారు.

"ఆవిడ పనిచేసిన ఆసుపత్రిలోనే కన్నాను నేను. నెలలు నిండకుండానే పుట్టాడు. ఊపిరి అందక ఒళ్ళంతా నీలం తిరిగింది. ఫాదర్‌కి కబురు పెడితే వరదలో చిక్కుకుపోయారు. బిడ్డ ఉన్న గదిలోకి నన్ను రానివ్వలేదు. నువ్వే జ్ఞానస్నానం ఇవ్వమ్మా అని నర్సు చేతులు పట్టుకున్నాను. నేను మీ మతం కాదే, నేనిస్తే చెల్లుతుందా, అంది. చెల్లుతుంది, వీడు దేవుడి బిడ్డ కావాలని నీళ్ళు పొయ్యి, అన్నాను."

"పోసిందా మామ్మా?"

"పోసింది. చన్నీళ్ళకి బిడ్డ ఉలిక్కిపడతాడని ముందు అరచేతిలో పట్టుకుని వెచ్చబరిచింది. తలుపు సందులోంచి నేను చెబుతుంటే ఒక్కో మాటా పలికింది. డ్యూటీ అయిపోయినా ఇంటికెళ్ళకుండా ఆ ఊపిరి వింటూ కూర్చుంది. పేరైనా అడగలేదు నేను. ఏ మతమైతేనేం అని, ఇన్నేళ్ళూ నా జపమాలలో ఆవిడకో ప్రార్థన చెప్పుకుంటూనే ఉన్నాను."

"బాబు బతికాడా మామ్మా?"

"నిక్షేపంలా బతికాడు. గొంతు కూడా బాగానే లేచింది."

మాష్టారు తల్లి కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డారు.

పిల్ల అదేం పట్టించుకోలేదు. దానికి కావాల్సింది ఒక్కటే.

"అయితే మా అవ్వ పరలోకానికి వెళ్తుందా?"

"నన్నెందుకు అడగడం? ఆవిడ చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందినవాణ్ణే అడుగు," అంటూ పెద్దావిడ కొడుకు నెత్తిమీద చెయ్యి వేసింది.