అర్చనలో లేని పేరు

"అర్చనలో కొత్త వ్యాను నంబరు కూడా చదివించినావు నాయనా. అమ్మ పేరు మాత్రం యాడ పోయింది?"

శుక్రవారం పెరుమాళ్ గుడి నుంచి ఇల్లు చేరి, చెప్పులు విప్పుతుండగానే అర్చిత తండ్రిని నిలదీసింది. వెంకటాద్రి కొబ్బరిచిప్పలను భార్య పంకజం చేతిలో పెట్టాడు.

"మరిచిపోతి. అంగడి ధ్యాసలో ఉంటి."

"మరుపు ఊరికే రాదు. మనకే తెలియని మనసు లోపల ఒకటి ఉంటాది. దానికి వద్దనుకున్నదాన్ని అది నోటిదాకా రానీదు. సైకాలజీలో మాకు ఇదే పాఠం."

"తెలియని మనసు ఉందని నీకెట్ల తెలిసింది? ఫీజు కట్టేది నేను, పరీక్ష కూడా నాకేనా?"

"అందరూ ఒప్పుకోరని మా మేడమ్ కూడా చెప్పినారులే. అయినా అవ్వ పేరు మరవలేదు, నాది మరవలేదు. అమ్మదే ఎందుకు జారింది?"

"చాల్లేవే," అంది పంకజం. "వయసాయె. ఒకనాడు నాలిక తప్పింది. దానికి లోమనసు, పైమనసు అని కత కడతావు. పెరుమాళ్లకు నా పేరు తెలవదా ఏంది?"

కూతురి నోరైతే మూయించింది గానీ, వంటింట్లో ఆమె చేతులు ఆడలేదు. ఇంట్లో ఆయన "ఏమే" అనడమే తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. గుడిలో మగవాళ్ల వరుసలో నిలబడి ఆయన పేర్లు చెబితే, భట్టరు గొంతెత్తి చదివేవారు. ఎదురు వరుసలో కళ్లు మూసుకున్న పంకజానికి "పంకజం, రోహిణీ నక్షత్రం" అని వినబడేది. ఆయన తనను తలుచుకున్నాడనడానికి అదొక్కటే గుర్తు. జారింది నాలికా, మనసా? పెరుమాళ్లనే అడగాలనిపించింది.

మరునాడు పొద్దున ఒంటరిగా గుడికి వెళ్లింది. ముందురోజు ఊరికి పోయిన భక్తవత్సలం భట్టరు అప్పుడే తిరిగొచ్చి దీపం సరిచేస్తున్నారు.

"సామీ, నిన్న మా ఇంటాయన నా పేరు చెప్పడం మరిచినారు. ఈరోజు నా పేరున ఒక అర్చన చేయండి."

భట్టరు నొచ్చుకున్నారు.

"అయ్యను ఏమీ అనుకోకండమ్మా. తప్పు నాదే. ఆయన మీ పేరు ఎన్నడూ చెప్పింది లేదు. కొత్తకోడలుగా వచ్చినప్పుడు మీరే చెప్పిన పేరు, నక్షత్రం గుర్తుపెట్టుకొని, నేనే కలిపి చదివేవాణ్ణి. నిన్న నా బదులు వచ్చిన పిల్లవాడికి ఆ మాట చెప్పిపోవడం మరిచిపోయినాను."